మాజ్-543: ఒక చాసిస్, మూడు బండ్లు

జనవరి

బల్ల మీదున్న పని ఇదీ. సోవియట్ కాలపు మాజ్-543 లారీ చాసిస్‌ను, అంటే పైన ఏదైనా బిగించడానికి ఉన్న కింది బండిని, 1/35 స్కేల్‌లో (అసలులో 35వ వంతు సైజులో) మూడు మోడల్స్‌గా కట్టాలి. ఒకదాని మీద స్కడ్ క్షిపణి వస్తుంది. రెండోదాని మీద స్మెర్చ్ రాకెట్ లాంచర్. మూడోదాని మీద ఏమీ ఉండదు. ఫ్యాక్టరీ గేటు దాటి, పైన ఏం బిగిస్తారో ఇంకా తేలని బండిలా ఒట్టి చాసిస్‌గానే వదిలేస్తాను.

ఈ బండి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మిన్స్క్ ఆటోమొబైల్ ప్లాంట్‌లో బోరిస్ షాపోష్నిక్ నడిపిన ప్రత్యేక డిజైన్ విభాగం దీన్ని 1960ల మొదట్లో తయారుచేసింది. ఎనిమిది చక్రాలు, ఎనిమిదింటికీ ఇంజిన్ శక్తి అందుతుంది. ముందు నాలుగు పక్కకు తిరుగుతాయి. ఇంజిన్ 38.8 లీటర్ల వి-12 డీజిల్, 525 హార్స్‌పవర్. రెండో ప్రపంచ యుద్ధపు టీ-34 ట్యాంకులో ఉన్న ఇంజిన్ వంశమే. ఇవన్నీ తర్వాత. ముందు కంట్లో పడేది ముఖం. ఒక క్యాబిన్‌కు బదులు ఎడమన ఒకటి, కుడిన ఒకటి, మధ్యలో సందు. మా అక్క కొడుకు ఫొటో చూడగానే "మావయ్యా, దీని మొహం మధ్యలోకి చీలిపోయిందేంటి?" అన్నాడు. "క్షిపణి తల పెట్టుకోడానికిరా" అన్నాను. అది నిజం కూడా. 11 మీటర్ల పైచిలుకు క్షిపణిని ఎత్తు పెరగకుండా బండి మీద పడుకోబెట్టాలంటే దాని ముక్కు ఎక్కడో ఒకచోట దూరాలి.

ఈ కుటుంబం బండ్లకు డ్రాగన్, ట్రంపెటర్ కంపెనీల 1/35 కిట్లు వచ్చాయి. మరి చాసిస్‌ను మొదట్నుంచీ చేత్తో ఎందుకు కట్టడం అంటే, నాకు పైనున్న ఆయుధం కంటే కిందున్న బండే ఆసక్తి. ఒకే చాసిస్ మీద ఆయుధం మార్చేస్తే వేరియంట్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఈ బండిలో తేడా కిందే మొదలవుతుంది. మొదటి మాజ్-543కీ, తర్వాత వచ్చిన 543ఏకీ క్యాబిన్ల స్థానం వేరు. క్యాబిన్లను కాస్త ముందుకు జరిపి, ఫ్రేమ్ మీద సామాను బిగించే చోటు పెంచారు. 1970ల మధ్యలో వచ్చిన 543ఎంలో అయితే కుడి క్యాబిన్‌ను పూర్తిగా పీకేశారు. మోయగల బరువు సుమారు 22 టన్నులకు చేరింది. అంటే పైన ఏం కూర్చుంటుందో తేల్చుకోకుండా కింద ఒక్క అడ్డపట్టీ కూడా అతికించలేం. నా ప్లాన్ ప్రకారం స్కడ్‌కు 543ఏ, మిగతా రెంటికీ 543ఎం.

ఫిబ్రవరి: కొలతలు

డ్రాయింగులు పోగేశాను. ఏ రెండూ కలవవు. ఒకదాంట్లో ముందు బంపర్ నుంచి మొదటి ఇరుసుకు ఉన్న దూరం ఇంకోదాంట్లో లేదు. ఇలాంటప్పుడు కచ్చితంగా తెలిసిన అంకె ఒకటి పట్టుకుని మిగతావన్నీ దాని మీదే నిలబెట్టుకోవాలి. ఇక్కడ ఆ అంకె ఇరుసుల మధ్య దూరం: 2200, 3300, 2200 మిల్లీమీటర్లు. మొత్తం 7700. దాన్ని 35తో భాగిస్తే సరిగ్గా 220 మి.మీ. స్కేల్ మోడల్ కట్టేవాడికి ఇంతకంటే అదృష్టం ఉండదు. విడివిడిగా తీసుకుంటే 62.9, 94.3, 62.9.

ఇంకో మంచి సంగతి, ఈ మూడు దూరాల నిష్పత్తి 2:3:2. ఫొటోలను వడగట్టడానికి ఇది భలే పనికొచ్చింది. పక్క నుంచి తీసిన ఫొటోలో ఇరుసుల మధ్య ఖాళీలు కొలిచి చూడండి. 2:3:2 వస్తే కెమెరా బండికి ఎదురుగా ఉన్నట్టు. ముందు ఖాళీ వెనకదానికంటే పెద్దగా వస్తే ఫొటోగ్రాఫర్ ముందు వైపు నిలబడి తీశాడన్నమాట. ఆ ఫొటోను కొలతలకు వాడకూడదు, వివరాలు చూసుకోవడానికే ఉంచుకోవాలి. నా దగ్గరున్న ఫొటోల్లో ఈ పరీక్షకు నిలబడినవి బహు తక్కువ. కానీ ఆ కాసినే చాలు.

చిన్న కొలతలకు టైరే స్కేలు. దీని టైర్ సైజు 1500×600-635. మొదటి అంకె బయటి వ్యాసం, రెండోది వెడల్పు, మూడోది రిమ్ వ్యాసం, అన్నీ మిల్లీమీటర్లలోనే. 1/35లో 42.9, 17.1, 18.1. అయితే ఫొటోలో టైర్‌ను నిలువుగా కొలిస్తే తక్కువ వస్తుంది. బరువుకు కింద నొక్కుకుపోతుంది కదా. అడ్డంగా కొలవాలి. అదీ ముందు చక్రాల మీద కాదు, అవి ఏ కొంచెం తిరిగి ఉన్నా అడ్డం కొలత తగ్గిపోతుంది. మూడో చక్రమో నాలుగో చక్రమో చూసుకోవాలి.

మొత్తం బండి పొడవు, పైన ఏమీ లేకుండా, 11.26 మీటర్లు. స్కేల్‌లో 322 మి.మీ. స్కడ్ ఎక్కిన బండి 13.36 మీటర్లు, అంటే 382 మి.మీ. షోకేస్ అరకు అంత లోతు లేదు, పొడుగ్గా అడ్డం పెట్టాల్సిందే.

మార్చి: ఫ్రేమ్

రెండు పొడవాటి దూలాలు, మధ్యలో అడ్డపట్టీలు. చెప్పుకుంటే అంతే. కానీ ముప్పై రెండు సెంటీమీటర్ల ప్లాస్టిక్ పట్టీ ఎప్పుడూ తిన్నగా ఉండదు. స్టైరీన్ అనే ఈ ప్లాస్టిక్‌ను అంటించే పల్చటి జిగురు దాన్ని కరిగించి అతికిస్తుంది. కరిగిన వైపు ఆరేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది. ఒక పక్క అతుకులన్నీ వేసుకుంటూ పోతే దూలం ఆ పక్కకు వంగిపోతుంది.

అందుకని దూలం లోపల ఇత్తడి పట్టీ దాచాను. 1 మి.మీ. మందం స్టైరీన్ పట్టీలు రెండు, వాటి మధ్య సన్నటి ఇత్తడి, అతికింది సూపర్‌గ్లూతో. బయటికి ప్లాస్టిక్కే కనిపిస్తుంది, రంధ్రాలు పెట్టాలన్నా, బోల్టు తలలు అతికించాలన్నా సుఖం. వంగనివ్వకుండా పట్టుకునేది ఇత్తడి. అడ్డపట్టీలు పెట్టేటప్పుడు మందపాటి అద్దం ముక్క మీద గళ్ల కాగితం అంటించి, దాని మీద ఇరుసు గీతలు గీసి, దూలాలను రెండు లోహపు దిమ్మల మధ్య బిగించి పని చేశాను. ఈ సరంజామా ఒకసారి కుదిరితే మూడు ఫ్రేములూ ఒకే కొలతలో వస్తాయి.

543ఏకీ 543ఎంకీ ఇక్కడే దారులు వేరవుతాయి. క్యాబిన్ కాళ్లు ఆనే బ్రాకెట్లు ఏలో రెండు వైపులా, ఎంలో ఎడమ పక్క. అందుకే మూడు ఫ్రేముల మీదా పెన్సిల్‌తో పేర్లు రాసి పెట్టుకున్నాను. బల్ల మీద పక్కపక్కన పెడితే అవి కవలల్లా ఉన్నాయి, తప్పు ఫ్రేమ్‌కు బ్రాకెట్ అంటించడం క్షణం పని.

సస్పెన్షన్ ప్రతి చక్రానికీ విడిగా ఉంటుంది. మెలిపడి మళ్లీ నిటారయ్యే ఉక్కు కడ్డీలు, అదే టార్షన్ బార్లు, స్ప్రింగు పని చేస్తాయి. ఆకు స్ప్రింగులు కట్టే శ్రమ తప్పింది. పైగా ఏ చక్రాన్నైనా విడిగా ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు. ఇది తర్వాత అక్కరకొస్తుంది.

ఏప్రిల్: చక్రాలు

ఒక్కో బండికి ఎనిమిది, మొత్తం ఇరవై నాలుగు. చేత్తో ఒక్కటే చేసి, దాన్ని అచ్చు తీసి మిగతావి పోత పోయాలి.

మాస్టర్ (అచ్చు తీసే మూల నమూనా) కోసం ప్లాస్టిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి అతికించి, మధ్యలో కడ్డీ దూర్చి, డ్రిల్ మెషిన్‌కు బిగించి, తిరుగుతుండగా ఆకురాయితోనూ ఎమెరీ పేపర్‌తోనూ ఆకారం తెచ్చాను. లేత్ లేనివాళ్లకు ఇదే దారి. భుజాల వంపు సరిగ్గా రావడానికి మందపాటి కాగితం మీద టైర్ అడ్డకోత గీసి, కత్తిరించి, దాన్ని మాటిమాటికీ ఆనించి చూసుకోవాలి. ట్రెడ్ గట్లు ఒక్కొక్కటే అతికించినవి. ఈ పని వర్ణించడానికి ఏమీ లేదు. కూర్చుని చేయడమే, నడుం నొప్పి పుట్టేదాకా.

సిలికాన్ అచ్చు రెండు ముక్కలుగా తీశాను. పోతకు వాడింది పాలియురెథేన్ రెజిన్. దీనికి తడి అంటే పడదు. గాల్లోని తేమ తగిలినా కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురుగు కడుతుంది. సీసా మూత తీసిన వెంటనే పోసుకుని మళ్లీ బిగించాలి, కలిపే పుల్ల కూడా పొడిగా ఉండాలి. అంతా చేసినా ట్రెడ్ గట్ల మూలల్లో చిన్న చిన్న గాలి బుడగలు ఇరుక్కునేవి. టాల్కం పౌడర్‌తో ఆ గొడవ తీరింది. అచ్చు లోపల పొడి చల్లి, తిరగేసి తట్టి, మిగిలినదంతా ఊదేయాలి. కంటికి కనపడనంత పల్చటి పొర ఉంటే చాలు, రెజిన్ దాన్ని పట్టుకుని మూలల్లోకి పాకుతుంది. అప్పటికీ ఎక్కడైనా బుడగ కనిపిస్తే టూత్‌పిక్ మొనతో పొడిచేయడమే. రెజిన్ గట్టిపడేలోపు ఉండే టైమ్‌లో అంతకంటే చేయగలిగింది లేదు.

అసలు కథ ఇప్పుడు. ఇరవై నాలుగూ ఒకే అచ్చులోవి. కానీ మూడు బండ్లకూ ఒకే టైర్ పనికిరాదు. స్మెర్చ్ పూర్తిగా నిండితే బండి మొత్తం 43.7 టన్నులు. ఒక్కో చక్రం మీద ఐదు టన్నుల పైనే. ఇవి వెడల్పాటి టైర్లు, డ్రైవర్ కూర్చున్న చోటి నుంచే వాటిలో గాలి పెంచడం, తగ్గించడం చేయగలడు. అంత బరువు కింద అవి నొక్కుకుని పక్కలకు కొంచెం ఉబ్బాలి. ఒట్టి చాసిస్‌కు ఆ బరువులో సగం కూడా లేదు, దాని టైరు దాదాపు గుండ్రంగానే ఉండాలి. అందుకని ఒట్టి చాసిస్ చక్రాల అడుగును ఎమెరీ పేపర్ మీద ఊరికే అలా రుద్ది వదిలాను. స్కడ్‌వి కొంచెం ఎక్కువ. స్మెర్చ్ చక్రాలకు అడుగు చదును చేశాక, నేల తాకే చోటుకు కాస్త పైన రెండు పక్కలా ఎపాక్సీ పుట్టీ పల్చగా మెత్తి ఉబ్బు తెచ్చాను.

అదే లెక్కన సస్పెన్షన్ కూడా. ఒట్టి చాసిస్ ఇరుసు చేతులు (చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే ముక్కలు) స్మెర్చ్ కంటే 1 మి.మీ. కిందికి దించి అతికించాను, బండి పైకి లేచి నిలబడేలా. ఒక్క మిల్లీమీటరేనా అనిపిస్తుంది. పక్కపక్కన పెట్టినప్పుడు ఏది బరువు మోస్తోందో, ఏది ఖాళీగా ఉందో పైన చూడకుండానే తెలిసిపోతోంది. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు బాగా నచ్చింది ఇదే.

ఎనిమిది చక్రాలూ నేలకు ఆనాయో లేదో చూడటానికి సిగరెట్ కాగితమంత పల్చటి కాగితం ముక్క చాలు. బండిని అద్దం మీద పెట్టి ఒక్కో చక్రం కిందికి దాన్ని దూర్చండి. ఎక్కడైనా సులువుగా జారిపోతే ఆ చక్రం గాల్లో ఉన్నట్టు. నాలుగు చక్రాల బండికి ఈ బాధ తక్కువ. ఎనిమిది చక్రాల బండిలో ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి లేస్తుంది. అందుకే ఇరుసు చేతులన్నీ నెమ్మదిగా ఆరే జిగురుతో పెట్టి, బండిని అద్దం మీద ఉంచి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేశాను.

మే: తిరిగే చక్రాలు

మోడల్స్‌లో ముందు చక్రాలు కొంచెం తిరిగి ఉంటే బండికి ప్రాణం వస్తుంది. ఒక్క ఇరుసు తిరిగే లారీకి కంటి అంచనా సరిపోతుంది. రెండు ఇరుసులు తిరిగే బండికి అది చాలదు. రెండు జతలనూ ఒకే కోణంలో తిప్పేసిన మోడల్స్ చాలా చూశాను. ఎందుకో తెలియకపోయినా చూసేవాడికి అందులో ఏదో తేడా కొడుతూనే ఉంటుంది.

బండి మలుపు తిరిగేటప్పుడు అన్ని చక్రాలూ ఒకే బిందువు చుట్టూ తిరగాలి. లేకపోతే టైర్లు ఈడ్చుకుపోతాయి. వెనక రెండు ఇరుసులు తిరగవు కాబట్టి ఆ బిందువు వాటి మధ్య నుంచి పక్కకు గీసిన గీత మీద ఉంటుంది. మూడో ఇరుసుకు 1100 మి.మీ. వెనక అన్నమాట. ఆ గీత నుంచి మొదటి ఇరుసుకు 1100+3300+2200, అంటే 6600. రెండో ఇరుసుకు 4400. నిష్పత్తి 3:2. అంటే రెండో జత చక్రాలు మొదటి జతకంటే తక్కువ తిరగాలి, సుమారు మూడింట రెండొంతులు.

త్రికోణమితి లేకుండానే ఇది చేయొచ్చు. పెద్ద చార్ట్ కాగితం మీద ఫ్రేమ్‌ను పెట్టి, వెనక ఇరుసుల మధ్య నుంచి పక్కకు, ఫ్రేమ్‌కు లంబంగా గీత గీశాను. నేను అనుకున్న మలుపు వ్యాసార్ధం 15 మీటర్లు, స్కేల్‌లో 429 మి.మీ. గీత మీద బండి మధ్య నుంచి అంత దూరంలో ఒక గుండుసూది గుచ్చాను. సూదికి దారం కట్టి, దాని రెండో కొసను ముందు చక్రం పిన్ను నిలబడిన చోటి దాకా లాగితే, చక్రం ఆ దారానికి లంబంగా ఉండాలి. అంతే. మూలమట్టం ఆనించి, చక్రాన్ని సరిచేసి, జిగురు చుక్క వేయడం. ఇలా నాలుగు చక్రాలకూ.

లెక్కేసి చూస్తే మొదటి ఇరుసులో లోపలి చక్రం 25.5 డిగ్రీలు, బయటిది 22.2. రెండో ఇరుసులో 17.7, 15.2. ఒకే బండిలో నాలుగు చక్రాలు, నాలుగు కోణాలు. దారం చూపించిందీ ఇదే, నా చేతి వణుకును బట్టి ఓ డిగ్రీ అటూ ఇటూ. ఇలా తిప్పింది ఒట్టి చాసిస్‌కు మాత్రమే. స్కడ్, స్మెర్చ్ ప్రయోగానికి నిలబడినట్టు చూపిస్తున్నాను కాబట్టి వాటి చక్రాలు తిన్నగానే ఉంటాయి.

జూన్: క్యాబిన్లు

ఈ క్యాబిన్ బుల్లిది. ఇద్దరికి మాత్రమే చోటు, అదీ పక్కపక్కన కాదు, ఒకరి వెనక ఒకరు. ముందు అద్దం పైభాగం ముందుకు తోసుకొచ్చి, కింది భాగం లోపలికి ఉంటుంది. మామూలు లారీకి ఎదురు వాలు. ఈ వాలు తప్పితే మాజ్ పోలికే పోతుంది. అద్దం చట్రం పైభాగం నుంచి దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీసి, అది కింది అంచుకు ఎంత దూరంలో ఆగుతోందో ఫొటోతో పోల్చుకున్నాను.

ఎడమ క్యాబిన్ అచ్చు తీసి కుడికి కూడా వాడేద్దామంటే కుదరదు. తలుపు బయటి వైపే ఉంటుంది కాబట్టి కుడిది ఎడమదానికి అద్దంలో ప్రతిబింబం. విడిగా ఇంకో మాస్టర్ చేయాలి. ఒకే ఒక్క కుడి క్యాబిన్ కోసం (మూడు బండ్లలో స్కడ్‌కే అది కావాలి) అచ్చు తీయడం దండగ. మాస్టర్‌నే నేరుగా బండికి వాడేశాను.

543ఎంలో కుడి క్యాబిన్ ఉండాల్సిన చోటు బోడిగా ఉంటుంది. ఇంత పెద్ద బండికి ఎడమ పక్క మాత్రమే బుల్లి క్యాబిన్ అతుక్కుని ఉండటం చూడటానికి వింతే. డిజైనర్లకు అందచందాలతో పనిలేదు, చోటు కావాలి, బరువు మోయాలి.

జులై: పైన కూర్చునేవి

ఇక్కడ త్వరగా చెప్పేస్తాను, ఈ డైరీ వీటి గురించి కాదు.

స్కడ్ అని పశ్చిమ దేశాలు పిలిచే ఆర్-17 క్షిపణి వ్యాసం 880 మి.మీ., పొడవు 11.164 మీటర్లు. స్కేల్‌లో 25.1, 319. కరెంటు వైరింగ్‌కు వాడే పైపు బయటి వ్యాసం 25 మి.మీ. ఇక వెతకడమెందుకు? ముక్కు చెక్కతో చెక్కి, పుట్టీ పెట్టి నున్నగా చేశాను. తోక దగ్గర నాలుగు రెక్కలు ప్లాస్టిక్ షీటువి. క్షిపణిని నిలబెట్టే చట్రం, వెనక ప్రయోగ బల్ల ఫొటోలు చూసి కట్టినవి. చట్రాన్ని ఇత్తడి పిన్ను మీద కదిలేలా ఉంచాను, పడుకోబెట్టుకోవచ్చు, లేపుకోవచ్చు. పడుకోబెట్టినప్పుడు ముక్కు రెండు క్యాబిన్ల మధ్య ఎటూ తగలకుండా దిగాలి. ఫిబ్రవరి కొలతలకు ఇదే పరీక్ష. రెండు పక్కలా సందు సమానంగా వచ్చింది.

స్మెర్చ్‌కు పన్నెండు గొట్టాలు. రాకెట్ వ్యాసం 300 మి.మీ., అంటే స్కేల్‌లో 8.6. లోపలి వ్యాసం 8.5 ఉన్న అల్యూమినియం గొట్టం తీసుకున్నాను. అసలు గొట్టాల్లో రాకెట్‌ను తిప్పుతూ పంపే గాడి ఒకటి సర్పిలంగా ఉంటుంది, దాని ఉబ్బు బయటికి కనిపిస్తుంది. దీన్ని కంటి అంచనాతో చుడితే పన్నెండు గొట్టాలకూ పన్నెండు రకాలుగా వస్తుంది. కాగితం మీద ఏటవాలు గీత గీసి, ఆ కాగితాన్ని గొట్టానికి చుడితే గీత తనంతట తానే సర్పిలం అవుతుంది. దాని వెంబడి గుర్తులు పెట్టుకుని, కాగితం తీసేసి, సన్నటి ప్లాస్టిక్ పట్టీ అతికించాలి. పన్నెండుకూ ఒకే కాగితం.

భారత సైన్యం దగ్గరున్న స్మెర్చ్ కూడా కడతావా అని మిత్రుడొకడు అడిగాడు. అది మాజ్ మీద ఉండదు, ఐదు ఇరుసుల చెక్ టాట్రా మీద ఉంటుంది. టాట్రా చాసిస్ తత్వమే వేరు. మధ్యలో వెన్నెముకలాంటి ఒక్క గొట్టం, దాని లోపలే షాఫ్టు, రెండు పక్కలా ఊగే సగం ఇరుసులు. హాన్స్ లెడ్వింకా 1923లో టాట్రా 11 అనే చిన్న కారులో తెచ్చిన పద్ధతిని అంత పెద్ద లారీల దాకా లాక్కొచ్చారు. నేను కట్టిన మూడు ఫ్రేముల్లో ఒక్క ముక్క కూడా దానికి పనికిరాదు. పైన అదే ఆయుధం, కింద పూర్తిగా వేరే ప్రాజెక్టు.

ఆగస్టు: ఒట్టి చాసిస్

మూడింటిలో దీనికే ఎక్కువ టైమ్ పడుతోంది. స్కడ్‌లో క్షిపణి కింద ఏమున్నా ఎవరికీ కనపడదు. ఇక్కడ దాచడానికి చాటే లేదు. ఇంజిన్ పైభాగం, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, అక్కడి నుంచి ముందు జంటకూ వెనక జంటకూ వెళ్లే షాఫ్టులు, గాలి సిలిండర్లు, రెండు 250 లీటర్ల డీజిల్ ట్యాంకులు, అన్నీ బయటే.

పైపులకు నియమం ఒకటే పెట్టుకున్నాను. ప్రతి పైపూ ఎక్కడో మొదలై ఎక్కడో ముగియాలి. ఫొటోలో చివర కనపడని పైపును కట్టను. ఊరికే నింపడానికి తీగలు చుట్టేస్తే దూరం నుంచి బాగానే ఉంటుంది, దగ్గరకొచ్చి చూస్తే ఎటు పోతోందో తెలియని చెత్త. సన్నటి బ్రేక్ పైపులకు 0.3 మి.మీ. రాగి తీగ, లావు పైపులకు సీసం తీగ. సీసం వేలితో వంచితే వంగిన చోటే ఉంటుంది, రాగి కొంచెం వెనక్కి లేస్తుంది. క్లాంపులు అల్యూమినియం ఫాయిల్ పట్టీలు. టైర్లకు గాలి వెళ్లే గొట్టాలు మాత్రం చివర్లో, రంగు వేశాక.

ఇంజిన్ గురించి ఒక మాట. వి-12 కాబట్టి ఎగ్జాస్ట్ రెండు వరుసలు, వరుసకు ఆరు. ఒక్క పోర్టు చేసి, అచ్చు తీసి, పన్నెండు పోశాను. క్యాబిన్ పక్కన మూత తెరిచి ఉంచితే ఓ వరుస కనపడుతుంది. రెండో వరుస నాకూ దానికీ మధ్య రహస్యం.

సెప్టెంబర్: రంగు

మూడింటికీ గ్రే ప్రైమర్ కొట్టాను. ప్రైమర్ పడ్డాకే అతుకులన్నీ బయటపడ్డాయి. స్మెర్చ్ ఫ్రేమ్ వెనక చివర మళ్లీ పుట్టీ, మళ్లీ ఎమెరీ పేపర్.

సోవియట్ సైనిక ఆకుపచ్చ ఎయిర్‌బ్రష్‌తో పల్చటి పొరలుగా వేశాను. అంచులకు ముదురు, మధ్యకు కొంచెం లేత. ఆ తర్వాత అందరికీ చేయి దురద పెట్టే ఘట్టం వస్తుంది, తుప్పు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. మాజ్-543 క్యాబిన్ ఉక్కు రేకు కాదు. గాజు నారతో బలపరిచిన పాలియెస్టర్, అంటే ఫైబర్‌గ్లాస్. అది తుప్పు పట్టదు. తలుపు అంచున రంగు లేచిపోతే లోపల ఎర్రటి తుప్పు కాదు, వెలిసిన పదార్థమే కనిపిస్తుంది. క్యాబిన్ మూలల నుంచి గోధుమ రంగు చారలు కారుతున్న మాజ్ మోడల్ చూస్తే, పెయింటింగ్ ఎంత నైపుణ్యంగా ఉన్నా, నాకు మనసొప్పదు. తుప్పు ఉండాల్సినవి ఫ్రేమ్, మెట్లు, ఎగ్జాస్ట్, టూల్ బాక్సుల కొసలు. క్యాబిన్‌కు దుమ్ము, ఎండకు వెలిసిన రంగు, వాన చారలు చాలు.

స్కడ్ బండికి చక్రాల చుట్టూ ఎండు మట్టి రంగు పిగ్మెంట్ పొడి, ఫ్రేమ్ కింద ముదురు ఆయిల్ వాష్ (పల్చగా కలిపిన ఆయిల్ రంగు) వేశాను. స్మెర్చ్‌కు గొట్టాల వెనక వైపు పొగ మసి. ఒట్టి చాసిస్‌కు మట్టీ లేదు, మసీ లేదు. కొత్త బండి. టైర్ నల్లగా, ట్రెడ్ పదునుగా, గ్రీజ్ పెట్టిన చోట్ల మాత్రం చిన్న మెరుపు. శుభ్రంగా ఉన్న మోడల్‌ను నమ్మించడం మురికిదాన్ని నమ్మించడం కంటే కష్టం. ప్రతి అతుకూ కనిపిస్తుంది మరి.

ఇప్పటి పరిస్థితి

స్కడ్ పూర్తయింది, అద్దాలు బిగించడం ఒక్కటే మిగిలింది. ఆ ఎదురు వాలు చట్రంలోకి పల్చటి అసిటేట్ షీటు కోసి పెట్టాలి, జిగురు ఆవిరికి మసకబారకుండా తెల్ల జిగురుతో. స్మెర్చ్ గొట్టాల గుత్తి రంగు అయింది, బండి మీద ఇంకా ఎక్కలేదు. డ్రైవర్ క్యాబిన్ వెనక సిబ్బంది గదికి తలుపు పిడులు పెట్టాలి. ఒట్టి చాసిస్‌కు టైర్ల గాలి గొట్టాలు నాలుగు అయ్యాయి, నాలుగు మిగిలాయి.

అడిగినవాళ్ల కోసం: అదే 543 కుటుంబం చాసిస్ మీద సోవియట్ విమానాశ్రయాలకు ఏఏ-60 అగ్నిమాపక బండ్లు కూడా కట్టారు, 12,000 లీటర్ల నీళ్ల ట్యాంకుతో. ఎడమ క్యాబిన్ అచ్చు ఇంకా బాగానే ఉంది, టైర్ అచ్చు మాత్రం ట్రెడ్ మూలల్లో చిరగడం మొదలైంది. నాలుగో బండి కట్టాలంటే ముందు టైర్ మాస్టర్‌కు మళ్లీ సిలికాన్ పోయాలి. ఆ పని ఈ మూడూ షోకేస్‌లోకి వెళ్లాకే.